పదమూడో మాట

రొయ్యల ఫ్యాక్టరీలో అబద్ధం చెప్పాలంటే ఇంగ్లీషు రావాలి. అందుకని పది రోజులపాటు, షిఫ్టు ఎక్కేముందు, నలభై మంది ఆడవాళ్లని క్యాంటీన్లో కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పించారు.

రొయ్యలు కొనే విదేశీ కంపెనీ తరఫున పోయినేడు తనిఖీకొచ్చిన మనిషికి జవాబులన్నీ మేనేజరు సురేష్‌బాబే చెప్పేశాడు. ఈసారి అలా కుదరదు, పనిచేసేవాళ్లతోనే మాట్లాడతాం అని వాళ్లు ముందే రాసి పంపారు. దాంతో పిఠాపురం నుంచి మురళీకృష్ణ అనే ట్యూషన్ మాస్టారిని పిలిపించారు. ఆయన పన్నెండు మాటలు ఏరుకొచ్చాడు. అన్నీ ఒకే అచ్చులో పోసినవి. చివర 'ఎడ్' తగిలిస్తే చాలు, నిన్నటి పని అయిపోతుంది.

"పీల్, పీల్డ్, పీల్డ్. వాష్, వాష్డ్, వాష్డ్. రెస్ట్, రెస్టెడ్, రెస్టెడ్."

"రెస్టెడ్ అంటే ఏంటండి?" అంది సుబ్బాయమ్మ.

"విశ్రాంతి తీసుకున్నాం అని."

"ఎప్పుడండీ?"

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

పాఠం వాళ్లకి కొత్త, పాట పాతదే. ఊడుపుల్లో ఒకతె ఎత్తుకుంటే వరసంతా నడుం ఎత్తకుండానే అందుకుంటుంది. ఇక్కడా అదే చేశారు. ఐసు నీళ్లలో చేతులు పెట్టి, రొయ్య తల తుంచుతూ సూర్యకళ "వాష్" అంటే, స్టీలు బల్లకి అటూ ఇటూ ఉన్నవాళ్లు "వాష్డ్, వాష్డ్" అనేవాళ్లు. నెత్తిన చేపల గంపతో వీధి వీధీ తిరిగి కేకేసిన గొంతు ఆమెది.

ఆ బల్ల దగ్గర ఇంకో మనిషి ఉండాలి. సూర్యకళ మరిది కూతురు అశ్విని. పంతొమ్మిదేళ్లు. మూడు వారాల కిందట చల్లగది పక్కన గ్యాసు లీకై, ఊపిరాడక పడిపోయింది. మొహాన నీళ్లు కొట్టి, ఆటో ఎక్కించి ఇంటికి పంపేశారు. ఆస్పత్రికి కాదు, ఇంటికి. "తిండి సరిగ్గా తినరు, నీరసం" అన్నాడు సురేష్‌బాబు. అప్పట్నుంచి ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరి అందదు. ఫ్యాక్టరీ వాళ్లెవరూ గుమ్మం తొక్కలేదు. తనిఖీకి వచ్చేవాళ్ల చెవిన పడితే తప్ప తొక్కరు కూడా.

మూడో రోజు పాఠం అయ్యాక సూర్యకళ మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"మాస్టారూ, మనిషి స్పృహ తప్పిందంటే ఇంగ్లీషులో ఎలాగండి?"

ఆయన బోర్డు తుడవడం మొదలెట్టాడు. "అది మన పన్నెండిట్లో లేదమ్మా."

"లేదనే అడుగుతున్నానండి."

"నాకూ పిల్లలున్నారమ్మా."

"అశ్వినీ ఒకళ్ల పిల్లేనండి."

తుడిచిన బోర్డే మళ్లీ తుడిచాడు.

సాయంత్రం ఇంటర్ చదివే కూతురు హారతిని అడిగితే చెప్పింది. "ఫెయింట్ అంటారమ్మా. ఇదీ మీ మాస్టారు చెప్పేవాటిలాంటిదే, ఎడ్ పెట్టుకుంటే సరి." పుస్తకం మూసి, "నిన్ను పన్లోంచి తీసేస్తారేమో" అంది.

"తీసేస్తారు. ఇంకోసారి చెప్పు, ఆ మాట."

మర్నాడు బల్ల దగ్గర పన్నెండూ అయ్యాక సూర్యకళ పదమూడోది ఎత్తుకుంది. అర్థం చెవుల్లో చెప్పింది.

"మేనేజరు వింటేనో, వదినా?" అంది సుబ్బాయమ్మ.

"పాఠం అనుకుంటాడు."

అలాగే అనుకున్నాడు. అటుగా పోతూ విని "వెరీ గుడ్" అని కూడా అన్నాడు. ఆ వారమంతా అశ్విని సంగతి మేనేజరు చెవి పక్కనే పాడుకున్నారు.

తనిఖీ రోజున తెల్లకోటు, నెత్తికి వల టోపీ వేసుకుని ఒక పొడుగాటి విదేశీ ఆవిడ వచ్చింది. వెనకాల సురేష్‌బాబు. సూర్యకళ ఎదురుగా ఆగి, నెమ్మదిగా, ఏదైనా ప్రాబ్లమ్ ఉందా అని అడిగింది. ప్రాబ్లమ్ అన్న ముక్క సూర్యకళకి అందింది. నోరు తెరిస్తే మాట అలవాటైన దారినే వచ్చింది.

"ఫెయింట్."

"ఫెయింటెడ్, ఫెయింటెడ్" అంటూ బల్లంతా అందుకుంది.

ఆవిడ నవ్వి చప్పట్లు కొట్టింది. సురేష్‌బాబు కూడా కొట్టాడు. ఇద్దరూ పక్క బల్లకి నడిచారు.

సూర్యకళకి ఒళ్లు మండింది, తన మీద తనకే. దొంగచాటుగా నేర్చిన నిజం దొంగచాటుగానే పోయింది. పాటలో దాస్తే పాటలాగే వినిపిస్తుంది మరి. ఇంకెలా వినిపిస్తుంది?

బల్ల వదిలి నడిచింది. పని మధ్యలో బల్ల వదలకూడదన్నది అక్కడి రూలు. చల్లగది తలుపు దగ్గర నిలబడి "అశ్విని" అంది గట్టిగా. వెనక నుంచి నలభై నోళ్లు అందుకోబోయాయి. వద్దని చెయ్యెత్తింది. మిషను మోత తప్ప ఏమీ లేదు.

"అశ్విని. హియర్. ఫెయింటెడ్."

అని ఆ తడి నేల మీద పడుకుంది. ఆ రోజు అశ్విని పడ్డట్టే, ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కున్నట్టు, మొహం నీళ్లు పోయే కాలవ వైపు పెట్టి.

"ఏంటీ నాటకం? లే, సూర్యకళా" అన్నాడు సురేష్‌బాబు. లేవలేదు. అతను ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో మొదలెట్టాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. నేల మీది మనిషిని చూసింది. తలెత్తి, పైన గ్యాసు గొట్టం అతుకు దగ్గర చుట్టిన మురికి గుడ్డని చూసింది. నవ్వు పోయింది.

"వేర్ ఈజ్ షీ?"

ఆ ప్రశ్న వాళ్లకి ఎవరూ నేర్పలేదు. అయినా ఏమడుగుతోందో అర్థమైంది. సుబ్బాయమ్మ ముందుకొచ్చింది, ఒక్కతే. "హోమ్" అంది. మాస్కు కిందికి లాగి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి అందని మనిషిలా ఎగబీల్చి చూపించింది.

ఆవిడ కాగితాల ఫైలు మూసి, వంగి, సూర్యకళకి చెయ్యి అందించింది.

సూర్యకళ లేచింది. చేతి తొడుగులు విప్పి కాలవ గట్టు మీద పెట్టింది. రేపు వాటిని వేసుకోనివ్వరని తెలుసు. "ఆటోలో ఇరవై నిమిషాలండి, రండి" అని తెలుగులోనే చెప్పి, తలుపు వైపు ముందుగా నడిచింది.