నాలుగు గడులు, ఒక టిక్కు

ఓటీపీకి ఆయుష్షు మూడు నిమిషాలు. మా ఆయన ఫోన్ ఎత్తడానికి నాలుగు కావాలి. ఎనిమిదేళ్లుగా నా వ్యాపారం ఈ ఒక్క నిమిషం తేడా మీద నడుస్తోంది.

నాకు కర్టెన్లు కుట్టే షాపు ఉంది. మూడు మిషన్లు, కుట్టేవాళ్లు ఇద్దరు, నేను. బట్ట కొనేది మా ఆయన కార్డుకి తోకలా వచ్చిన రెండో కార్డు మీద. దాని మీద నా పేరు ముద్దుగా అచ్చు వేశారు, ఓటీపీ మాత్రం ఆయన ఫోన్‌కి పోతుంది. హోల్‌సేల్ కొట్టాయన మంచివాడు. నా కోసం కౌంటర్ పక్కన ఒక కుర్చీ వేయించాడు. నా వెనకున్నవాళ్లని ముందుకు పిలిచి, "మేడమ్‌గారికి ఇంకా ఇంటి నుంచి రాలేదండీ" అని చెబుతాడు. ఏం రాలేదో చెప్పడు. వాళ్లు నా వైపు జాలిగా చూస్తారు.

పోయిన వారం తొంభై మీటర్ల లైనింగ్ బట్ట కోయించి ఆ కుర్చీలో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను.

"మీటింగ్‌లో ఉన్నాను. ఏంటి?"

"ఓటీపీ అండీ."

"మళ్లీనా? మొన్నేగా ఇచ్చాను" అన్నారు, మూత్రపిండం ఇచ్చినవాడిలా. తర్వాత పక్కవాళ్లతో, "ఏం లేదు, మా ఆవిడ. షాపింగ్" అన్నారు. పక్కవాళ్లు నవ్వడం వినపడింది. తొంభై మీటర్లు నేను ఒంటికి చుట్టుకుంటాననుకున్నారేమో.

ఆ మధ్యాహ్నమే బ్యాంకుకి ఫోన్ చేసి నా పేరు మీద, షాపు కోసం, వేరే కార్డు కావాలన్నాను. లైన్లోకి వచ్చిన అమ్మాయి గొంతు చాలా తియ్యగా ఉంది.

"ఉద్యోగమా మేడమ్, హౌస్‌వైఫా?"

"వ్యాపారం. ఎనిమిదేళ్లయింది."

టకటకా ఏదో కొట్టింది. "మీ పేరు మీద ఏమీ కనపడట్లేదు మేడమ్. కొన్నవన్నీ సార్ ఖాతాలో ఉన్నాయి. సార్ మాకు చాలా మంచి కస్టమర్."

"ఆ మంచి కస్టమర్ని నేనేనమ్మా."

"అలాగే మేడమ్" అంది, వైద్యం అవసరమైనవాళ్లతో మాట్లాడేంత మర్యాదగా. "పాయింట్లు కూడా సార్ చక్కగా వాడుకుంటున్నారు."

పాయింట్లంటే ఏంటని అడిగాను. పాపం, ఓపికగా చెప్పింది. నేను బట్ట కొన్నప్పుడల్లా పాయింట్లు పడతాయట. అవి పోగైతే వస్తువులు ఊరికే ఇస్తారట. అప్పుడు మా ఇంట్లో రెండు వస్తువుల పుట్టుక నాకు తెలిసింది. ఒకటి, మా ఆయన ఆఫీసు పనుల మీద ఊళ్లకు లాక్కెళ్లే చక్రాల సూట్‌కేసు. బ్యాంకువాళ్లు తన మీద అభిమానంతో పంపారని చెప్పారు. రెండోది, మా అత్తగారి పాదాలు నొక్కే యంత్రం. "మావాడు తెచ్చాడు" అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తారావిడ. ఆవిడకి నొప్పి మెడలో. అయినా రోజూ అరగంట కాళ్లు పెడతారు.

"మీకు ఖర్చు పరిమితి చిన్నదే వస్తుంది మేడమ్. కానీ దీంట్లో ఒక మంచి సౌకర్యం ఉంది. ప్రయాణాలు, సినిమాలు, హోటల్ భోజనం, పుస్తకాలు. నాలుగు గడులుంటాయి. మీకు ఇష్టమైనదానికి టిక్కు పెడితే మీ పాయింట్లు అందులో వాడుకోవచ్చు. ఏది పెట్టమంటారు?"

ఆ నాలుగూ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

"లైన్లో ఉన్నారా మేడమ్?"

"ఉన్నానమ్మా. వెతుకుతున్నాను."

నిజంగానే వెతికాను. ఎవరింటికైనా కొలతలకి వెళితే, టేపు తీసేలోపే వాళ్లకేం కావాలో చెప్పగలను. నీలం అడుగుతూ ఆకుపచ్చ వైపు చూసేవాళ్లని పట్టేస్తాను. మా ఆయన టీ ఎంత వేడిగా ఉండాలో, దిండు ఎంత ఎత్తుండాలో, కోపంగా ఉన్నప్పుడు ఏ గదిలో ఫ్యాన్ వెయ్యాలో నాకు నోటికొచ్చు. నా సంగతికొచ్చేసరికి ఏది పెట్టినా తింటాను, ఎటు తీసుకెళ్లినా వెళతాను, మిగిలిన సీటులో కూర్చుంటాను. దీన్ని మా వాళ్లందరూ మంచి గుణమని మెచ్చుకుంటారు. ఆ గుణానికి గడి లేదు.

సాయంత్రం మా ఆయన్ని అడిగాను.

"ప్రయాణాలకి పెట్టు. నెలకి రెండుసార్లు తిరిగేది నేనేగా" అన్నారు. నేను చూసిన చూపుకి కాస్త సర్దుకుని, "నీ పాయింట్లు, నా పాయింట్లు ఏంటి? ఇంట్లో అందరం ఒకటే" అన్నారు.

"అయితే ఇకనుంచి మీ కార్డు ఓటీపీలు నా ఫోన్‌కి పెట్టిద్దామా?"

"అది వేరే విషయం" అని పేపరు తీసుకున్నారు.

అత్తగారిని అడిగాను. ఆవిడ యంత్రం ఆపి, కాళ్లు బయటికి తీసి ఆలోచించారు.

"మీ మామయ్యకి సినిమాలంటే పిచ్చి."

"మీకు అత్తయ్యా?"

"నేనూ వెళ్లేదాన్నిగా."

"వెళ్లేవారు సరే, ఇష్టమేనా?"

"చల్లగా ఉండేది. ఓ కునుకు తీసేదాన్ని" అన్నారు. కాళ్లు మళ్లీ యంత్రంలో పెట్టబోయి, ఎందుకో పెట్టలేదు.

ఇవాళ పొద్దున దరఖాస్తు నింపాను. వృత్తి దగ్గర కర్టెన్ల వ్యాపారం అని, ఫోన్ నంబరు దగ్గర నా నంబరే రాశాను. ఆ వచ్చే పరిమితిలో ఒక్కసారికి ముప్పై మీటర్లకి మించి కొనలేను. బాకీ కడుతూ మూడుసార్లు వెళతాను. ఇక మిగిలింది టిక్కు. అది లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదట. ఆ అమ్మాయి రేపు పదకొండింటికి ఫోన్ చేస్తుంది. ఏదో ఒక గడి నొక్కి వదిలించుకోవచ్చు, నాకూ తెలుసు. కానీ నలభై ఆరేళ్లకి నన్నెవరో మొదటిసారి అడిగారు. తప్పు చెప్పాలని లేదు.

అంచేత చదువుతున్నవాళ్లని చేతులు జోడించి అడుగుతున్నాను. మీకేది ఇష్టమో మీకెలా తెలిసింది? ఎక్కడ మొదలుపెట్టారు? ఎన్నాళ్లు పట్టింది? పదకొండులోపు అయ్యే పనేనా? తెలిసినవాళ్లు దయచేసి వెంటనే రాయండి. కాస్త వివరంగా, ఇద్దరికి సరిపోయేలా రాయండి. ఇందాక అత్తగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "ఎవరైనా చెబితే నాకూ చెప్పవే" అన్నారు.