నాలుగంకె రేకు

కిరసనాయిలు గుడ్డతో సున్నా తుడవడం అయ్యాక బోర్డాయన ఒకటంకె అందుకున్నాడు. ఆటరోజు పొద్దున రేకులన్నీ ఇలా వరసగా తుడవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట తనకు తానే పెట్టుకున్న పని. ముందు కిరసనాయిలు, తర్వాత పొడిగుడ్డ, ఆఖరున పైనున్న రెండు చిల్లుల చుట్టూ తుప్పు పట్టిందేమోనని బొటనవేలి గోటితో గీకి చూడడం. మోకాలు మాట వినదు కాబట్టి ముక్కాలిపీట మీద కూర్చుని చేస్తాడు. షెడ్డు నిండా గడ్డి కోసే మిషను, సున్నం డబ్బాలు, చిరిగిన గోల్ వల, గోడకు ఆనించిన నిచ్చెన. వాటి మధ్య సరిగ్గా ఒక పీట పట్టేంత చోటు ఉంది, ఆ చోటుకు మాత్రం ఆయనే మహారాజు.

సొంత జట్టు రేకులు పది. సున్నా నుంచి తొమ్మిది దాకా, నీలం మీద తెల్ల అంకెలు. విజిటర్ల రేకులు నాలుగే. సున్నా, ఒకటి, రెండు, మూడు, అంతే. నల్లరంగువి, జానెడు చిన్నవి, చిల్లుల మధ్య దూరం కూడా తక్కువ కాబట్టి వీళ్ల రేకు వాళ్ల కొక్కేలకు ఎక్కదు. స్కోరుబోర్డు చేయించిన రోజున విజిటర్లకు ఎన్ని అంకెలు రాయమంటారని పెయింటరు అడిగితే, ఇప్పటి క్లబ్బు సెక్రటరీగారి నాన్నగారు మూడు దాకా చాలు, మన మైదానంలో అంతకు మించి కొట్టేవాడు ఇంకా పుట్టలేదు అన్నారట. పెద్దాయన మాట వమ్ము కాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో నాలుగో గోల్ ఎవరూ కొట్టలేదు. క్లబ్బుకు ఏ చుట్టం వచ్చినా ముందు చెప్పేది ఈ రేకుల కథే.

క్లబ్బు ఉన్న పేటకు కాగితాల మీద వేరే పేరు ఉంది గానీ, కాలువకు ఇవతల ఉండేవాళ్లందరూ మేడలపేట అనే అంటారు. అనేటప్పుడు ఆ మాటను పంటికింద రాయిలా కొంచెం నలిపి మరీ అంటారు. అక్కడ ఫుట్‌బాల్ ఒక ఆట కాదు, ఇంటిపేరు. బిడ్డ పుడితే చూడవచ్చినవాళ్లు నీలం మేజోళ్లు తెస్తారు. ఆట ఉన్నరోజు గుండె డాక్టరు ఆస్పత్రి మధ్యాహ్నానికే మూసేస్తాడు. కోర్టులో నోరు మెదపని జడ్జిగారు కంచె పట్టుకుని రిఫరీని గొంతు పోయేదాకా తిడతారు. సొంత జట్టు గెలిస్తే ఆ స్కోరు రెండు రోజుల పాటు బోర్డు మీదే ఉండాలి, దారినపోయే బస్సులన్నీ చూడాలి. ఓడితే విజిల్ పడిన ఐదు నిమిషాల్లో రేకులు దించేయాలి. ఇది రాసిపెట్టిన నియమం కాదు గానీ, రాసిపెట్టిన నియమాల కంటే గట్టిది.

బోర్డాయనకు వాళ్లంటే కోపం లేదు. నెలకో ఆదివారం ఇంజనీర్లూ ప్లీడర్లూ మోకాళ్ల మీద కూర్చుని మైదానంలో కలుపు తీయడం ఆయన కళ్లారా చూశాడు. తమ ఊరిని అలా చూసుకునేవాళ్లను తప్పుపట్టడం ఆయనకు చేతకాదు. మోకాలి ఆపరేషన్ అయినప్పుడు సెక్రటరీగారు స్వయంగా కాలువ దాటి వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. అదీ ఆయన మరిచిపోలేదు. మరిచిపోలేనిది ఇంకొకటి కూడా ఉంది. కాలువ వంతెన దగ్గర నిలబడే వాచ్‌మన్, ఒంటి మీద క్లబ్బు నీలం చొక్కా ఉంటే సలాం కొడతాడు. అది ఉతికి ఆరేసిన రోజున మామూలు చొక్కాలో వస్తే "ఎవరింటికి?" అని అడుగుతాడు. వాచ్‌మన్లు మారారు గానీ ప్రశ్న మారలేదు.

మూడంకె కూడా తుడిచి పక్కన పెట్టాక ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. తలుపు వెనక గోనెపట్టా తీశాడు. దాని వెనక ఇంకో రేకు ఉంది. నల్లరంగు మీద తెల్లగా నాలుగంకె.

పదిహేనేళ్ల కిందటి సంగతి. ఒకరోజు ఇంట్లో భోజనాల దగ్గర ఆయన ఈ రేకుల కథ చెప్పాడు. క్లబ్బులో చుట్టాలకు చెప్పినట్టే, అదే నవ్వుతో, పెద్దాయన గొంతు అనుకరిస్తూ చెప్పాడు. ఎదురుగా బావమరిది కూర్చుని ఉన్నాడు. బస్సుల షెడ్డులో వెల్డరు. వయసులో కాలువ ఒడ్డు జట్టుకు ఆడి మేడలపేట మైదానంలో ఆరుసార్లు ఓడినవాడు. వాడు సగం కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "మనం కొట్టలేమని అంకే రాయించలేదు వాళ్లు. అది చెప్పి నువ్వు నవ్వుతున్నావు బావా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తన ఊరిని తన నోటితోనే వెక్కిరించానని అప్పటిదాకా ఆయనకు తట్టనే లేదు. ఆ సిగ్గు ఆయన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు.

ఐదో రోజున భార్య రేకుపెట్టె మూత ఊడదీశాడు. పెళ్లికి ముందు ఆవిడ సొంత జీతంతో కొనుక్కున్న పెట్టె అది, మూత మీద ఎర్రపూలు. సైజుకు కత్తిరించి, ఒకవైపు నల్లరంగు వేసి, సొంత జట్టు నాలుగంకెను న్యూస్‌పేపరు మీద దించుకుని చిన్నదిగా రాశాడు. కొక్కేల మధ్య దూరం దారంతో కొలిచి చిల్లులు పొడిచాడు. కానీ ఒక్కసారి కూడా తగిలించి చూడలేదు. గోల్ పడకుండా తగిలించడం దొంగపని అనిపించింది. ఏటా మిగతా రేకులతో పాటు దానికీ రంగు వేస్తాడు, మళ్లీ గోనెపట్టా కప్పేస్తాడు.

ఇవాళ దాన్ని మిగతావాటి కంటే ఎక్కువసేపు తుడిచాడు. సోమవారం కరెంటు బోర్డు వస్తోంది. ఆఫీసులో కూర్చుని మీట నొక్కితే చాలు, నిచ్చెన అక్కర్లేదు, నిచ్చెన ఎక్కేవాడూ అక్కర్లేదు. నెల కిందట సెక్రటరీగారు కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నొచ్చుకుంటూనే చెప్పారు. ఉద్యోగం పోతున్నందుకు బోర్డాయన పెద్దగా బాధపడలేదు. మోకాలు సంతోషించింది కూడా. ఆయన బాధ వేరే. ఆ మిషనుకు ఏ అంకె అయినా ఒకటే. రేపు ఎవరైనా నలభై కొట్టినా వెలిగించేస్తుంది. నాలుగు అనేదానికి విలువ ఉన్న ఆఖరి ఆట ఇవాళ్టిదే. ఆడవస్తున్నది కాలువ ఒడ్డు జట్టు.

పొద్దున బయలుదేరేటప్పుడు బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు. ఇప్పుడు జట్టు బాగోగులు చూసేది వాడే. ఈ ఒక్కరోజైనా మావైపు ఉండమన్నాడు. బోర్డాయన నేను బోర్డువైపురా అన్నాడు. వాడు మొహం ముడుచుకుని వెళ్లిపోయాక, ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న భార్య తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఇవాళ కూడా పనికి రాకపోతే నా మూత నాకు తెచ్చివ్వండి. పదిహేనేళ్లుగా పెట్టె మీద చెక్క పెట్టుకుని సరిపెట్టుకుంటున్నాను."

"అలాగే తెస్తాలే" అన్నాడాయన.

ఆట మొదలయ్యే ముందు సెక్రటరీగారు మైకులో ఆయన్ను పొగిడి గోడగడియారం ఇచ్చారు. గ్యాలరీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అవి మనస్ఫూర్తిగా కొట్టిన చప్పట్లే. బోర్డాయనకు కళ్లు చెమ్మగిల్లాయి. ముక్కు తుడుచుకుని వెళ్లి నిచ్చెన పక్కన నిలబడ్డాడు.

సగం ఆట అయ్యేసరికి మూడు, సున్నా. కాలువ ఒడ్డు వాళ్లు నిలబడే చోటు దూరపు గోల్ వెనక, నీడ లేని చోటు. అక్కడ ఎవరూ మాట్లాడుకోవడం లేదు. బోర్డాయన సొంత జట్టు రేకులు మూడుసార్లు మార్చి దిగాడు. ప్రతిసారీ తొమ్మిది మెట్లు. రెండో సగంలో ఆట తిరిగింది. కాలువ ఒడ్డువాళ్లు ఒకటి కొట్టారు, ఇంకోటి కొట్టారు. మేడలపేట నాలుగోది కొట్టింది. వెంటనే వీళ్లు మూడోది కొట్టారు. ఆయన ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. అది కూడా ముప్ఫై ఒక్క ఏళ్ల పనితనమే.

విజిటర్ల కొక్కేలకు మూడంకె ఎక్కగానే గ్యాలరీలో అలవాటైన చప్పట్లు మొదలయ్యాయి. రేకులు అయిపోయాయి, రేకులు అయిపోయాయి అని తాళం వేస్తూ కొట్టే చప్పట్లు. మూడు పడినప్పుడల్లా అక్కడ అదొక సరదా. ఇన్నేళ్లూ ఆ తాళానికి తానూ చిరునవ్వు నవ్వాడు. ఇవాళ నిచ్చెన మీద, వాళ్లకు వీపు పెట్టి నిలబడి ఉండగా చెవులు వేడెక్కాయి.

మేడలపేట ఐదోది కూడా కొట్టింది. ఇంక నాలుగు నిమిషాలే ఉందనగా కాలువ ఒడ్డుకు కార్నర్ దొరికింది. రొట్టెల బట్టీలో పనిచేసే లావుపాటివాడు, ఆటంతా వెనకే ఉండి ఆయాసపడినవాడు, ఎందుకో ముందుకు పరుగెత్తాడు. బంతి వాడి నుదుటికి తగిలింది. వాడు కళ్లు తెరిచేసరికి వలలో ఉంది.

గ్యాలరీ కంగారుపడలేదు. ఎలాగూ గెలుస్తున్నారు. అందరూ నవ్వుతూ బోర్డువైపు తిరిగారు, పాపం ఇప్పుడేం చేస్తాడో చూద్దామని. బోర్డాయన షెడ్డులోకి నడిచాడు. తలుపు వెనక గోనెపట్టా తీశాడు. రేకు చంకలో పెట్టుకుని తొమ్మిది మెట్లూ ఎక్కాడు. మూడంకె తీశాడు. నాలుగంకె ఎడమ చిల్లు కొక్కేనికి సరిగ్గా దిగింది. కుడిచిల్లు వేలెడు పైకి వచ్చింది. పదిహేనేళ్ల కిందటి దారం ఆ మాత్రం మోసం చేసింది. ఆయన అరచేత్తో రేకును కిందికి నొక్కి, బలం కొద్దీ కొక్కేనికి ఎక్కించాడు. కాస్త ఒరిగి నిలబడింది గానీ నిలబడింది.

నవ్వులు ఆగిపోయాయి. ముందు ఎవరికీ నమ్మకం కుదరలేదు. తర్వాత దూరపు గోల్ వెనక నుంచి ఒక అరుపు లేచింది. గెలిచినవాళ్లు కూడా అలా అరవరు. బోర్డాయన నిచ్చెన మీదనుంచే అటు చూశాడు. బావమరిది అరవడం లేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అంకెనే చూస్తున్నాడు. చూసి చూసి, మోచేత్తో కళ్లు ఒత్తుకున్నాడు. బోర్డాయన గుండెల మీదనుంచి పదిహేనేళ్ల బరువు దిగింది.

విజిల్ పడింది. ఐదు, నాలుగు. మేడలపేట గెలిచింది.

జనం కదులుతుండగా సెక్రటరీగారు షెడ్డు దగ్గరకు వచ్చారు. చాలాసేపు తల ఎత్తి బోర్డు చూశారు.

"ఎక్కడిది ఆ రేకు?"

"మా ఇంటిదండి."

"ఎప్పుడు చేశావు?"

"పదిహేనేళ్లయింది."

సెక్రటరీగారు, సోమవారం ఎలాగూ బోర్డు పీకేస్తారు కాబట్టి ఇవాళే అన్నీ దించేస్తే మంచిదేమో అన్నారు.

"గెలిచాం కదండి" అన్నాడు బోర్డాయన నెమ్మదిగా. "గెలిచిన స్కోరు దించే అలవాటు మనకు లేదు."

సెక్రటరీగారు మళ్లీ పైకి చూశారు. రోడ్డు మీద ఒక బస్సు నెమ్మదించింది. కిటికీల్లోంచి చేతులు బోర్డువైపు చూపిస్తున్నాయి. కోపం రావాల్సిన చోట ఆయనకు నవ్వు వచ్చింది. "మా నాన్నగారు ఉంటే నిన్ను అప్పుడే పనిలోంచి తీసేసేవారు" అన్నారు.

"ఇవాళ్టితో ఎలాగూ వెళ్లిపోతున్నాను కదండి."

సెక్రటరీగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. బోర్డాయన మిగిలిన రేకులు తుడిచి వరసలో పెట్టాడు. నీలం చొక్కా విప్పి, మడిచి, ముక్కాలిపీట మీద ఉంచి, దాని మీద షెడ్డు తాళంచెవి పెట్టాడు. ఇంటినుంచి తెచ్చుకున్న గళ్లచొక్కా తొడుక్కుని, గడియారం చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

వంతెన దగ్గర వాచ్‌మన్ ఆయన్ను పోల్చుకోలేదు. చంకలోని గడియారంవైపు ఓసారి చూసి, ఎవరింటికి వచ్చారని అడిగాడు.

"మా ఇంటికి పోతున్నాను" అన్నాడు బోర్డాయన. నడక ఆపకుండానే అన్నాడు.

ఇంట్లో భార్య ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి ఆయన చేతులవైపు చూసింది. గడియారం తెచ్చారు, నా మూత ఏదీ అంది. పనికొచ్చింది అన్నాడాయన. ఆవిడ పెట్టె మీది చెక్కను చీరకొంగుతో ఒకసారి తుడిచింది. తర్వాత భోజనానికి మూడో కంచం కూడా పెట్టింది, తమ్ముడు వస్తాడని.

కాలువకు అవతల, అందరూ వెళ్లిపోయిన మైదానంలో, నాలుగంకె రేకు కాస్త ఒరిగి వేలాడుతూ ఉంది. గాలి వీచినప్పుడల్లా అది పైకి లేచేది, వెనకవైపున ఉన్న ఎర్రపూలు రోడ్డుమీదికి కనిపించేవి.