చెమ్మబొగ్గు తిన్న గొట్టం

నేను ఒక పిడికెడు బొగ్గుతో, మంటా పొగా లేకుండా, ఊరంతటికీ కరెంటిచ్చిన పింగాణీ గొట్టాన్ని. నమ్మకపోతే మీ ఇష్టం.

బొటనవేలంత లావు, జానెడు పొడవు. బట్టీలో కాల్చి, బొగ్గు గనుల ఊళ్లో ఒక పరిశోధనశాలకు పంపారు. అక్కడ ఎనిమిది వందల డిగ్రీల కొలిమిలో నిలబెట్టారు. కడుపులో బొగ్గుపొడి, ఒంటిచుట్టూ గాలి. గాలిలోని ప్రాణవాయువు నా గోడలోంచి దూరి బొగ్గును చేరుతుంది. ఆ చేరికలో కరెంటు పుడుతుంది. ఇదే పనికి మనుషులు కొండంత బాయిలరు కట్టి, ఊరి నెత్తిన బూడిద పోస్తారు.

నాకు తిండి పెట్టేవాడు ఓదెలు. ముప్పయ్యేళ్లు గనిలో చేసి రిటైరైనవాడు. ఈ కాంట్రాక్టు కొలువే అతని ఇంటికి ఆధారం. పైనుంచి గంటకోసారి చిటికెడు పొడి జారవిడిచేవాడు. విడిచేముందు దానిమీద నీళ్లు చిలకరించేవాడు. గనిలో బొగ్గు దుమ్ము రేగి అంటుకోకుండా నీళ్లు చల్లిన అలవాటు. ఆ చెమ్మ నా కడుపులో ఆవిరై బొగ్గును గ్యాసుగా మార్చేది. గట్టి బొగ్గుకంటే నాకది తేలిగ్గా అరిగేది, బల్బు ధగధగలాడేది. అవును, బల్బే. ఊరంతటికీ అన్నది నేను కోసిన కోత. టార్చిలైటు బల్బు ఒక్కటి, అంతే.

ఈ చెమ్మ సంగతి తెలియక, ప్రయోగం నడిపే డాక్టర్ హైమవతి మేడమ్ "గొట్టం గొప్పది" అని రాసుకునేది. నేనూ ఉబ్బిపోయేవాణ్ని.

ఒకరోజు ఈ పరిశోధన పథకానికి డబ్బిచ్చే కమిటీ వచ్చింది. బల్బు గంటసేపు వెలిగితే పథకం ఉంటుంది, ఓదెలు కొలువూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మేడమ్ అతని తడి వేళ్లు చూసింది.

"ఇదేం పని ఓదెలూ! అంత కాలుతున్న గొట్టంలో నీళ్లా? పగిలితే?"

"ఎన్నడు పగిలింది మేడమ్? రోజూ ఇట్లనే ఏస్తున్న. నీళ్లు సల్లకుంట బొగ్గు ముట్టనీకి చెయ్యి రాదు నాకు."

"రోజూనా! నా ఖర్మ. జరుగు, నేనే వేస్తా."

చెమ్మ తగలని బొగ్గుపొడి వేసింది. పావుగంటలో బల్బు నీరసించింది.

"దానికి గొంతెండుతాంది మేడమ్. ఒక్క చిటికెడు చెమ్మపొడి ఎయ్యనియ్యిండ్రి," అని ఓదెలు బతిమాలాడు.

"చాయ్ కూడా పోద్దామా పెద్దాయనా?" అని కమిటీలో ఒకాయన నవ్వాడు. బల్బు ఆరిపోయింది.

ఓదెలు నీళ్లు పోసి గొట్టాన్ని పాడుచేశాడని కాగితం రాసి, మేడమ్ వాళ్లు పథకానికి ఇంకో గడువు తెచ్చుకున్నారు. అతన్ని తీసేశారు. నాకేమో వెంట్రుకవాసి పగులు లేదు. వెళ్లిపోతూ అతను గుమ్మం దగ్గర ఆగి, నావైపు చూసి, "పైలం కొడుకా" అని జాగ్రత్త చెప్పాడు.

తర్వాత మేడమ్‌కే అనుమానమొచ్చి ఆవిరి పైపు పెట్టించింది. బల్బు వెలిగింది, బహుమతీ వచ్చింది. ఓదెలుకు కబురు మాత్రం పోలేదు. ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. చూడవచ్చినవాళ్లు మెచ్చుకున్నప్పుడల్లా, అతని తిండి తిని అతని కొలువే పోగొట్టానని ఒళ్లు కుంచించుకుపోతుంది.

ఇంకో కోత కూడా ఒప్పేసుకుంటాను. ఓదెలు గుమ్మం దగ్గర ఆగలేదు. కొడుకా అననూ లేదు. టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని తిన్నగా వెళ్లిపోయాడు. ఆ మాట నేనే కల్పించుకున్నాను.