గోడవైపు స్ట్రెచర్

"నలుగురికీ ప్రాణం పోసే చేతులట! సొంత బావనే గోడవైపు నెట్టేశాడట!" అని ఎదురింటి దర్జీ భార్య కుళాయి దగ్గర అన్నదట. ఆ మాట వీధంతా తిరిగి మూడోనాటికి అక్క గడపలోకే వచ్చింది. అప్పటిదాకా తమ్ముడు నోరు విప్పలేదు.

పదకొండేళ్ళు సైన్యంలో నర్సుగా చేసి వచ్చి పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో చేరాడతను. అందరూ మిలిట్రీ అనేవారు. నడిచొస్తుంటే "లేవండర్రా, పరేడొచ్చింది" అని ఆయాలు నవ్వేవాళ్ళు.

యుద్ధంలో గుడారానికి ఒక్కడే డాక్టరు. బయట నలభై స్ట్రెచర్లు. ఊపిరి, నాడి, కంటిపాప చూసి బతికేవాణ్ణి లోపలికి, బతకనివాణ్ణి పక్కకి పంపడం మిలిట్రీ పని. పక్కకి పోయినవాడికి ఒక నొప్పి సూది, తీరికుంటే కాసేపు చెయ్యి పట్టుకోవడం. అంతకుమించి ఏమీ ఉండదు.

సోమవారం, కడుతున్న మేడ కూలిపోతే నలుగుర్ని తెచ్చారు. నాలుగోవాడి మొహమంతా సిమెంటూ నెత్తురూ. ఒక కంటిపాప పెద్దదైంది, నాడి దారప్పోగులా ఉంది. మిలిట్రీ సూది వేసి, స్ట్రెచర్ని గోడవైపు తిప్పి, మిగతా ముగ్గురి దగ్గరికి పరుగెత్తాడు. ఆలోచించి చేసిందేం కాదు, చేతులకి అలవాటైన పని. ఇరవై నిమిషాలకి డాక్టరమ్మ చూసింది. "ఇతన్నిక్కడ ఎవరు పెట్టారు? బతికే ఉన్నాడు!" అని అరిచింది. మొహం తుడిస్తే తాపీమేస్త్రి బావ. ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

"దర్జీ భార్య అన్నది నిజమేనా?" అంది అక్క.

తమ్ముడు గుమ్మంలోనే కూలబడ్డాడు. "నిజమే అక్కా. బావని గుర్తుపట్టలేదు."

"గుర్తుపడితే?"

"లోపలికి తోసేవాణ్ణి."

"అంటే ఇంకొకత్తి మొగుడైతే గోడకేనన్నమాట."

"అట్లా కాదక్కా. తలకి అంత దెబ్బ తగిలితే వందమందిలో పదిమంది బతకడం కూడా కష్టం. అట్లాంటి ఒక్కడి దగ్గర గంట కూర్చుంటే, బయట ముగ్గురు పోతారు."

"పోనీలేవే. వాడేమన్నా కావాలని చేశాడా?" అంది అక్క అత్త, పోయిన కొడుకు చొక్కా ఒళ్ళో పెట్టుకుని.

అక్క ఆమె వైపు చూడలేదు.

"ఆ రోజు లోపల డాక్టర్లెంతమంది?"

"ఐదుగురు."

"మరి మీ బావని చూస్తే ఎవరు పోయేవాళ్ళురా?"