అన్నీ నార్మలే అన్న కాగితం

నేను ఒక రక్తపరీక్ష కాగితాన్ని. తెనాలిలో ఒక ల్యాబు ప్రింటరు నన్ను కన్నది గానీ, నా పుట్టుకకు అసలు కారణం ఒక ఫ్యాను.

మార్గశిర మాసం. పూర్ణచంద్రరావు గారు అయ్యప్ప మాలలో ఉన్నారు. ఆయన భిక్షకు కూర్చున్న వేళ భార్య హైమవతి ఫ్యాను వేసింది. అత్తగారు కోటేశ్వరమ్మ శాలువా బిగించి, "నేను వణికి చస్తుంటే నీకు గాలి కావాల్సొచ్చిందా అమ్మాయ్?" అంది. ఆయన లేచి ఆపారు. ఆమె మళ్లీ వేసింది. ఆయన మళ్లీ ఆపి, "ఆ ఒంట్లో మంటేంటో పరీక్ష చేయించుకో హైమా. మాకీ చలిబాధ తప్పుద్ది" అన్నారు.

"అలాగే స్వామీ" అంది. మాల వేసుకున్న భర్తను భార్యైనా స్వామీ అనే పిలవాలి. ఆ పిలుపులో ఆ పూట భక్తి ఎంతుందో చెప్పలేను.

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు కమ్మేవి. నిద్ర పట్టేది కాదు. నెలసరి మూడు నెలలు రాదు, వస్తే పది రోజులు పోదు. ఆ వారం ఇంట్లో పడిపూజ పెట్టుకున్నారు. అడ్డు రాకూడదని అత్తగారు ముందే నెలసరి వాయిదా బిళ్లలు తెప్పించింది. పూజ ఏదైనా ఆ ఇంట్లో అది మామూలే.

ల్యాబులో రక్తం తీసే అమ్మాయి, "మందులేమైనా వాడుతున్నారా ఆంటీ?" అని అడిగింది.

"ఏమీ లేవమ్మా" అంది హైమవతి. ఆమె అబద్ధమాడలేదు. ఆ ఇంట్లో మందులంటే అత్తగారి బీపీ బిళ్లలు. ఇవి పూజ బిళ్లలు. దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన ఉండేవి.

అండాశయం అలిసిపోయేకొద్దీ, పని చేయమని మెదడు దాని మీద గట్టిగా కేకలేస్తుంది. ఆ కేక కొలతే ఎఫ్‌ఎస్‌హెచ్. బిళ్లల్లో ఉన్నదీ హార్మోనే. అది ఆ కేకను అణిచింది. అంకె బుద్ధిగా హద్దుల్లో నిలబడింది, నా మీద అలాగే అచ్చయింది.

పూర్ణచంద్రరావు గారు నన్ను పైకి చదివి, "అన్నీ నార్మలే" అన్నారు. మనుషులు చిత్రమైనవాళ్లు. ఎదురుగా చెమటలు తుడుచుకుంటున్న మనిషిని వదిలేసి కాగితాన్ని అడుగుతారు. ఆడపడుచు రత్నావళి మరో అడుగు ముందుకేసింది.

"హార్మోన్లు బాగున్నాయంటే లోపం గర్భసంచిదే వదినా. నేను తీయించేసుకోలా? పీడా పోయింది."

అన్నగారు శబరిమల నుంచి తిరిగొచ్చాక వచ్చే గురువారానికి ఒక నర్సింగ్ హోములో ఆపరేషన్ రోజు కూడా ఆమే ఖాయం చేసింది. హైమవతి నన్ను తీసి చూసేది, మడిచేది, మళ్లీ తీసేది. తన ఒంటిని నమ్మాలో నన్ను నమ్మాలో ఆమెకు పాలుపోలేదు. నోరుంటే చెప్పేదాన్ని.

ఆయన యాత్రలో ఉండగా, నన్ను సంచిలో పెట్టుకుని ఒక్కతే డాక్టర్ నఫీసా దగ్గరికి వెళ్లింది. ఆవిడ నన్ను పక్కన పెట్టి, మొదట ఆమెను అడిగింది. సెగలు ఎన్నాళ్లుగా, నెలసరి ఎలా, చివరికి రక్తం ఇచ్చిన వారం నోట్లో ఏమేం వేసుకున్నారని.

"పూజ బిళ్లలండీ."

డాక్టరు కలం తీసి నా మీద అడ్డంగా గీత గీసింది. నాకు బాధ కలగలేదు. తేలికగా అనిపించింది.

"ఆ బిళ్లల మీద తీసిన రక్తం లెక్కలోకి రాదమ్మా. అవి లేకపోయినా ఈ వయసులో ఈ అంకె వారానికో తీరుగా ఉంటుంది. నెలసరి ఆగబోతోందని మీ ఒళ్లే చెబుతోంది. ఆ సెగలకు మందులున్నాయి. రక్తస్రావం ఎక్కువన్నారు కదా, స్కాన్ చూద్దాం."

స్కాన్‌లో గర్భసంచికి ఏ లోపమూ కనబడలేదు.

ఆయన మాల తీసిన మర్నాడు, బుధవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకు కూర్చున్నారు. రత్నావళి కూడా వచ్చింది. హైమవతి అందరికీ పప్పు వడ్డించి, ఎప్పుడూ చివర తినే మనిషి, తనూ కంచం పెట్టుకుని కూర్చుంది. గీత గీసిన నన్ను భర్త కంచం పక్కన పెట్టి, డాక్టరు చెప్పిందంతా చెప్పింది.

కోటేశ్వరమ్మ కలిపిన ముద్ద అలాగే పట్టుకుని, "నాకు నలభై ఆరుకే ఆగినయ్యి. రెండేళ్లు నిప్పుల్లో ఉన్నట్టుండేది. ఎవరికి చెప్పను?" అంది.

"రేపటి సంగతేంటి మరి? గదికి కూడా చెప్పాను వదినా" అంది రత్నావళి.

"ఆపరేషన్ చేయించుకోను" అంది హైమవతి. "పొద్దున్నే వెళ్లి వద్దని చెప్పి వచ్చాను."