కనిపించని పేజీలో ఆరిఫా

“గీ పేరు తీసెయ్,” అన్నాడు మజహర్, దూదిలో మునిగిన నా చేతుల ముందు ఫోను పెట్టి.

నేను బూరుగు కాయల్లోంచి దూది తీసి గింజలు ఏరుతున్నాను. ఫ్యాను వేస్తే దూది ఎగిరిపోతుందని ఎండాకాలంలో కూడా ఆ గది కిటికీలు మూసే ఉంటాయి. చేతులు తుడుచుకుని చూశాను. భద్రాచలంలో ఉన్న మా పరుపుల దుకాణం కోసం వెతికితే, చిరునామా కింద ‘స్థాపించినవారు: ఆరిఫా’ అని వస్తోంది.

ఆరిఫా నా భర్త మజహర్‌కు మొదటి భార్య. ఆమె చనిపోయిన ఏడాదికి నన్ను చేసుకున్నాడు.

“కొత్తగూడెంల రెండో దుకాణం తెరుస్తున్న. ఆరిఫా ఎవరు భాయ్, అసలు ఓనరా అని డీలర్లు నవ్వుతున్నరు. సైటంత వెతికిన, యాడ కనిపిస్తలేదు. నువ్వు గా కంపెనీల పని చేసినవు గదా, జర జల్దీ చూడు.”

ఖమ్మంలో వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో నాలుగేళ్లు పనిచేశాను. పెళ్లయ్యాక ఇంటి నుంచి చేస్తుంటే, “ఇంట్ల పని లేదా ఏంది?” అని అత్తమ్మ అన్నాక మానేశాను. నిజమే, ఇంట్లో పని ఉంది. వంటయ్యాక దూది, దూది అయ్యాక కుట్టు, కుట్టయ్యాక మళ్లీ వంట. దాన్ని పని అని మాత్రం ఎవరూ అనరు. నా గురించి “సఫూరా ఇంట్లనే ఉంటది” అంటారు.

ఆ మధ్యాహ్నం ఆరిఫా పాత లాప్‌టాప్ తెరిచాను. దుకాణం సైటు ఆమే దాంట్లో తయారుచేసింది. పేజీ నిండా మజహరే. అతని ఫొటో, కింద ‘మజహర్ స్థాపించిన’ అన్న పెద్ద అక్షరాలు. కోడ్‌లోకి వెళ్లాను. మనుషుల కంట పడకుండా, సెర్చ్ ఇంజన్ చదువుకోవడానికి మాత్రమే రాసే భాగం ఒకటి ఉంటుంది. స్ట్రక్చర్డ్ డేటా అంటారు. ఇది దుకాణం, ఇది చిరునామా, తెరిచే వేళ ఇది, స్థాపించిన మనిషి ఈమె అని యంత్రానికి విడమరచి చెప్పడం. కంపెనీలో నేను రోజూ రాసిందే. ఆరిఫా నాకంటే శుభ్రంగా రాసింది. ఒక్క కామా కూడా తప్పు లేదు. “అది ఊకె కంప్యూటర్ ముంగట కూసునేది, పనిదొంగ” అని అత్తమ్మ చెప్పింది ఈ మనిషి గురించే.

పేరు చెరపబోయి ఆగాను. దాని కింద ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి. పేజీ మీంచి ఎవరో తీసేసినా ఇక్కడ మిగిలిపోయాయి.

‘పరుపు ఎన్నాళ్లు మన్నుతుంది?’

‘అప్పుడప్పుడు ఎండలో వేస్తే పదేళ్లు.’

‘ఎవరు కుడతారు?’

‘ఆరిఫా. మొదటి పరుపు నుంచీ.’

‘దూది దుమ్ముకు దగ్గు వస్తుందా?’

‘పడుకునేవాళ్లకు రాదు. కుట్టేవాళ్లకు వస్తుంది. నాకు వచ్చింది. మొదట పొడి దగ్గు. తర్వాత మెట్లు ఎక్కలేకపోయాను. కిటికీలు తెరవమని అడిగాను.’

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు.

పోయిన ఎండాకాలం నుంచి నాకూ పొడి దగ్గు. ఈ మధ్య డాబా మెట్ల సగంలో ఆగి గోడ పట్టుకుంటున్నాను. ఆరిఫా దేనితో పోయిందని సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్న అడిగితే, చిన్నప్పటి నుంచీ బలం లేని పిల్ల అని అత్తమ్మే చెప్పింది. నేను రోజూ కూర్చునే పీట, పట్టుకునే సూది, తలకు కట్టుకునే గుడ్డ ఆమెవే. దూది గదిలో ఎవరో గింజలు ఏరుతున్నట్టు అనిపించి వెళ్లి చూశాను. నేను వదిలిన కుప్ప అలాగే ఉంది. లోపల అడుగు పెట్టలేకపోయాను.

సాయంత్రం భోజనాల దగ్గర మజహర్ అడిగాడు.

“తీసినవా?”

“తియ్యలే. ఆమె రాసిన జవాబులు మళ్ల పేజీ మీద పెట్టిన. అందరు చదువుతరు.”

“దిమాక్ ఖరాబైందా నీకు? దుకాణం మూతపడ్తది!”

“నేను ఇంక ఆ గదిల కూసోను. రేపు ఖమ్మం పోతున్న, పెద్ద దవాఖానకు. ఏం పని చేస్తవని డాక్టర్ అడుగుతడు, చెప్త. నీకంటె ముందు ఆ పని చేసినామె ఏమైందని అడుగుతడు. అదీ చెప్త.”

మజహర్ కంచం నెట్టి లేచాడు. “అమ్మీ, నువ్వన్న చెప్పు దీనికి!”

అత్తమ్మ మెల్లగా లేచి లోపలికి వెళ్లింది. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగి వచ్చి, పసుపుపచ్చ ఎక్స్‌రే కవరొకటి నా ఒళ్లో పెట్టింది. దాని మీద ఆరిఫా పేరు.

“గిది గూడ చూపెట్టు, బేటీ,” అంది.