అరకేజీ తగ్గించి చెప్పాలి

నేను ఒక కాటాని. ఉల్లిపాయలు తూచే రకం కాదు, పసిపిల్లల్ని తూచేదాన్ని. పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం, మధ్యలో గుండ్రటి మొహం, దాని మీద ఒక ముల్లు. కింది కొక్కేనికి జోలె తగిలించి బిడ్డను వేస్తే నా లోపలి స్ప్రింగు సాగుతుంది, ముల్లు కదులుతుంది. బిడ్డలు గుక్కపట్టి ఏడుస్తారు. నాకేమీ అనిపించదు. ఇనుముకి అదొక సుఖం.

నన్ను ఎక్కడో పట్నంలో రేకుల షెడ్డులో చేశారు. అక్కడినుంచి లారీ, గోడౌను, మళ్లీ లారీ. చివరికి నాగావళి ఒడ్డున ఒక ఊరి అంగన్‌వాడీ టీచరు చేతికి వచ్చాను. ఆవిడ నన్ను కవరు కూడా విప్పకుండా బీరువాలో పెట్టింది. వాడితే పాడైపోతానట! మనుషుల తీరే అంత, అవసరానికని తెచ్చుకుంటారు, అవసరం వస్తే దాచుకుంటారు. ఆవిడ రిటైరయ్యాక ఆశా కార్యకర్త పైడమ్మ నన్ను అడిగి తీసుకుంది. అప్పటినుంచి ఏ ఇంటికి వెళితే ఆ ఇంటి దూలానికి వేలాడటమే నా పని.

ఆ ఊళ్లో బిడ్డ బరువు ఉన్నదున్నట్టు పైకి అనరు. నరుడి కంటికి నాపరాళ్లే పగులుతాయంటారు, ఇక పసిగుడ్డు ఎంత? అందుకని నా ముల్లు నాలుగు మీద ఉంటే పైడమ్మ “మూడున్నర” అని వీధికి వినబడేలా అంటుంది. అసలుది తల్లి చెవిలో చెబుతుంది, పుస్తకంలో రాసేదీ అసలుదే. మొదట్లో నాకు ఒళ్లు మండేది. వినేవాళ్లు కాటా దొంగదనుకోరూ? కానీ ఆ అరకేజీ తగ్గించబట్టే ఆమెను ప్రతి ఇంట్లోనూ కూర్చోమని పీట వేసేవాళ్లు. పోనీలే అనుకున్నాను.

ఒకసారి కృష్ణవేణి అనే అమ్మాయి తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. కృష్ణవేణి పేరు అత్తవారి ఊరి లెక్కలో ఉంది, అయినా పైడమ్మ వెళ్లి తూచింది. నా ముల్లు రెండు దాటలేదు. తగ్గించి చెప్పడానికి అందులో ఏమీ మిగల్లేదు. కొన్నాళ్లకే అత్తవారు వచ్చి తీసుకుపోయారు. అక్కడి ఆశా కార్యకర్త బిడ్డ ఇంకా పుట్టింట్లోనే ఉందనుకుంది. ఇక్కడ పైడమ్మ, అక్కడ చూసుకుంటున్నారులే అనుకుంది. రెంటికీ చెడ్డ రేవడి అయిందా పసిది. నెల తిరక్కుండా పోయింది. ఎవరినీ ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఏ ఊరి లెక్కలోనూ ఒక బిడ్డ తగ్గలేదు.

పైడమ్మ ఏడవలేదు. ఆ వారం ఇళ్లకు వెళ్లింది, తూచింది, రాసింది. అన్నం మాత్రం సరిగా తినలేదు.

ఆ తరవాత నర్సు నిర్మల ఒక కబురు తెచ్చింది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ, ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు ఏడాదిపాటు ఫెలోషిప్ ఇస్తుందట. ఊరినుంచి ఒక ప్రశ్న తెచ్చుకుంటే దాన్ని పరిశోధించడం నేర్పిస్తారట, తేలిన సంగతి ప్రభుత్వం ముందు పెడతారట. పైడమ్మ ప్రశ్న కోసం వెతుక్కోలేదు. పుట్టింటికి వచ్చిన బిడ్డ ఏ ఊరి బిడ్డ, అని రాసింది. మొగుడు సింహాచలం నవ్వాడు, ఈ వయసులో చదువేమిటని. నవ్వి, ఆమె దరఖాస్తు రాసుకున్నన్నాళ్లూ పొయ్యి దగ్గర తనే కూర్చున్నాడు.

పని చేస్తుండగా తీసిన వీడియో ఒకటి, కత్తిరించకుండా పంపమన్నారు. నన్ను తడిగుడ్డతో తుడిచారు. పక్కింటి బొద్దుపిల్లాణ్ని జోలెలో వేశారు. నిర్మల ఫోను నా మొహానికి ఎదురుగా పెట్టింది. ముల్లు ఆరున్నర మీద నిలబడింది. “ఆరు కేజీలు” అంది పైడమ్మ, గట్టిగా. నిర్మల కూడా ఆ పక్క ఊరి మనిషే, ఆమె చెవికీ తేడా తగల్లేదు. ఇద్దరూ రెండోసారి చూసుకుని, బాగా వచ్చిందనుకుని పంపేశారు.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఫోనులో ముగ్గురు కనబడ్డారు. మర్యాదస్తులే, ప్రశ్న చాలా బాగుందన్నారు. వాళ్లలో ఒక మేడం మాత్రం, కాటా ఆరున్నర చూపిస్తుంటే మీరు ఆరు అన్నారేమిటని అడిగింది.

“మావూర్లో అలాగే సెప్తాం మేడం. దిష్టి తగులుతాదని. రాసీటప్పుడు ఉన్నదే రాస్తాం.”

“రాసింది ఉన్నదేనని మాకెలా తెలుస్తుందమ్మా?”

పైడమ్మ గోడకి వేలాడుతున్న నావైపు చూసింది. నేనేం చెబుతాను? సున్నా మీద ఉన్నాను.

“తెలీదు మేడం” అంది.

అంకెల మీద నమ్మకం కుదరక ఈసారికి తీసుకోలేకపోతున్నామని, వచ్చే ఏడు తప్పక ప్రయత్నించమని కబురు పంపారు. ఆమె అది చదివి ఫోను పక్కన పెట్టి, చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఇకమీదట ఉన్నదున్నట్టే చెప్పడం అలవాటు చేసుకోమంది నిర్మల. పైడమ్మ సరేనంది.

తరవాతి ఇల్లు అప్పలకొండమ్మది. కూతురు పురిటికి వచ్చి మగబిడ్డను కంది. ఆ బిడ్డా ఈ ఊరి లెక్కలోవాడు కాదు. వాకిట్లో నలుగురూ ఉండగా పైడమ్మ నన్ను చూసి “రెండు కేజీల ఎనిమిదొందలు” అని ఉన్నమాట పైకి అనేసింది. అప్పలకొండమ్మ మనవణ్ని జోలెలోంచి తీసి కొంగు కప్పేసింది.

“మా గుంటడు నీకేటి సేసినాడు పైడమ్మా?” అంది.

పైడమ్మ ఫెలోషిప్ గురించి చెప్పబోయి మధ్యలో ఆపేసింది. మరుసటి వారం వెళితే బిడ్డ పడుకున్నాడన్నారు. ఆపై వారం తల్లితో పాటు ఆమె అత్తోరింటికి వెళ్లిపోయాడన్నారు. లోపల్నుంచి ఏడుపు వినబడుతూనే ఉంది.

నెల గడిచింది. ఒక పొద్దున్న పైడమ్మ నన్ను సంచిలో వేసుకుని వెళ్లి ఆ ఇంటి తలుపు ముందు నిలబడింది.

“అత్తా, నాను లోపలికి రాను. సూడను కూడా. మీరే తూసుకుని ఎంతుందో సెప్పండి సాలు.”

తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి నన్ను లోపలికి తీసుకుంది. దూలానికి కట్టారు. బిడ్డ తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బిడ్డను జోలెలో వేశారు. వాడు ఏడవలేదు. నా ముల్లు కదిలి, మొదటిసారి ఆగిన గీత దాకా కూడా రాకుండా, రెండున్నర మీద ఆగింది. అప్పలకొండమ్మకి అంకెలు తెలుసు. నా దగ్గరగా వచ్చి చూసింది, జోలె సర్ది మళ్లీ చూసింది. ఆమెకి భయం పట్టుకుంది. ఆ భయంలో దిష్టి సంగతే మరిచిపోయింది.

“రెండున్నరే ఉన్నాడే” అని లోపల్నుంచి అరిచింది.

తలుపు అవతల పైడమ్మ, దిష్టికని తగ్గించి చెప్పిందనుకుని, అలవాటుగా అరకేజీ కలుపుకుంది. పోన్లే, కాస్త పుంజుకున్నాడు అనుకుని పుస్తకంలో మూడు అని రాసుకుంది. చాలా రోజుల తరవాత ఆమె గొంతు కాస్త తేలికగా వినబడింది. వచ్చే వారం వస్తానత్తా అంది. నన్ను సంచిలో వేసుకుంది, ఇద్దరం తరవాతి ఇంటికి బయలుదేరాం.